పదిహేడో వీధి

ఆఫీసులో ఆమెను వెనకాల అందరూ చిటపటమ్మ అనేవాళ్ళు. నూనెలో ఆవాలు పడ్డట్టు మాట్లాడుతుందని ఆ పేరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. పేరు పెట్టినందుకు ఆమెకు కోపం లేదు గానీ, ఎదురుగా అనే ధైర్యం ఒక్కడికీ లేనందుకు మాత్రం కోపంగానే ఉండేది.

ఆమె ఉద్యోగం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, ఏటీఎమ్ స్విచ్‌లు చూసుకోవడం. ఆ మాట చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్ళు కళ్ళు పెద్దవి చేసి "నోట్లు మీరే పెడతారా?" అని అడిగేవాళ్ళు. సొంత పిన్ని ఒకసారి ఇంటికొచ్చి, "నా కార్డు మింగేసిందే ఆ మాయదారిది, నువ్వు వచ్చి నాలుగు తిట్టి కక్కించవే" అని కూర్చుంది. ఆ ఏటీఎమ్ వేరు, ఈ ఏటీఎమ్ వేరు అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, చివరికి చెప్పడం మానేసింది.

ఆమె చూసే యంత్రాలు డబ్బు జోలికి పోవు. అవి మాటలు మోస్తాయి. మనిషి ఫోన్లో పలికిన మాటని చిన్నచిన్న ముక్కలుగా తరిగి, ప్రతి ముక్క నెత్తిన ఫలానా దారిన పోవాలని ఒక నంబరు వేసి వదుల్తాయి. నగరానికి ఆ కొసన ఉన్న ఎక్స్ఛేంజిలో ఇంకో స్విచ్ ఆ నంబరు చూసి, ముక్కలు చేరాల్సిన చోటికి చేర్చి, మళ్ళీ మాటగా అతికించి ఇస్తుంది. ఒకే తీగలో బోలెడు దారులు. ఏ దారికి ఎంత వాటా అన్నది ముందే స్విచ్‌కి చెప్పి పెట్టాలి. ఈ చివర ఎంత చెబితే ఆ చివరా అంతే చెప్పాలి. ఒక చివర వాటా తగ్గించి రెండో చివరకు చెప్పకపోతే, వాటాకు మించి వచ్చిన ముక్కల్ని వాటా తగ్గిన స్విచ్ గుమ్మంలోనే పారేస్తుంది. ఎర్రదీపం వెలగదు, గంట మోగదు. దాని మటుకు అది తప్పు చెయ్యడం లేదు మరి, చెప్పింది చెప్పినట్టు చేస్తోంది.

అందుకని ఈ పనికి రెండు చివరలా ఇద్దరు మనుషులు కావాలి. ఆ ఇద్దరికీ మాటలుండాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. అవతలి చివర పనిచేసేవాడు ఆమె మాజీ మొగుడు.

కొత్త కాపురంలో అది పెద్ద సరదాగానే ఉండేది. ఒకే తీగకి చెరో కొసన కూర్చుని, పని పేరు చెప్పి కబుర్లాడుకునేవాళ్ళు. కబుర్లు ఆమెవి, ఊఁ కొట్టడం అతనిది. రానురానూ ఆ ఊఁ కూడా తగ్గిపోయింది. చెడ్డవాడు కాదు, తాగడు, తిరగడు, గొంతెత్తడు. అసలు గొంతే తియ్యడు. తగువు పడేవాడితో సర్దుకోవచ్చు గానీ, తగువే పడని వాడితో ఎలా సర్దుకోవడం? ఇంటి ఓనరు ఇల్లు ఖాళీ చెయ్యమని అతనితో చెప్పి నెల దాటినా ఆమె చెవిన వెయ్యలేదు. ఒకరోజు ఎవరో మొగుడూ పెళ్ళాలు తలుపు తట్టి, "మేం దిగబోయే ఇల్లు, ఒకసారి వంటగది చూసుకుంటాం" అంటే అప్పుడు తెలిసిందామెకు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వు అరుస్తావని" అన్నాడు. ఆమె అప్పుడు అరిచిన అరుపుకి ఆ వచ్చినవాళ్ళు ఇల్లు వద్దనుకుని వెళ్ళిపోయారు.

విడిపోయాక ఇద్దరూ నేరుగా మాట్లాడుకోలేదు. పెళ్ళినాడు "మీరు" అన్న మనిషి, విడాకులనాడు "నువ్వు"లోకి దిగి, ఆ తర్వాత ఆ నువ్వు కూడా మానేసింది. ఆఫీసులో అతని పేరు ఎత్తకుండా "అవతలి చివర" అనేది. మధ్యలో కబుర్లు మోసేవాడు పెద్దసారు గుమాస్తా. అందరూ అతన్ని పావురం అని పిలిచేవాళ్ళు. "పావురం, అవతలి చివరకి చెప్పు, ఫలానా దారి మారుస్తున్నానని." "అలాగే మేడమ్." అక్కడినించి జవాబు తెచ్చేదీ పావురమే. అలా బండి నడిచింది. నడుస్తోంది కదా అని ఎవరూ అడగలేదు. పెద్దసారుకీ ఆ ఏర్పాటు హాయిగానే ఉంది. ఇద్దరూ కలిసి తన మీదికి రారు కదా.

ఒకరోజు పొద్దున ఆమె స్విచ్ గదిలోంచి బయటికొచ్చింది. ఎండాకాలంలోనూ స్వెట్టర్ తప్పని గది అది. చేతులు రుద్దుకుంటూ మెట్లు దిగుతుంటే కింద ఫిర్యాదుల హాల్లోంచి కేకలు వినిపించాయి.

కౌంటరు అద్దం మీద అరచేత్తో బాదుతోంది ఒకావిడ. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. దర్జీ దుకాణంలో పని మధ్యలోనే లేచి వచ్చినట్టుంది.

"అంబులెన్సు వాళ్ళనడిగితే ఫోనువాళ్ళనడగమన్నారు. ఇక్కడికొస్తే అంబులెన్సు వాళ్ళనడగమంటున్నారు. నేనేమన్నా బంతినా, ఇటు తన్నీ అటు తన్నీ!"

"అమ్మా, మీ లైను బాగానే ఉందని చూపిస్తోంది," అన్నాడు కౌంటరు వెనకతను, తల ఎత్తకుండా.

"నా లైను సంగతి కాదయ్యా! మా తమ్ముడు గోడకి రంగు వేస్తూ పైనించి పడ్డాడు. కాలి మీద ఇనప నిచ్చెన పడింది. ఫోన్ చేశాను. పదిహేడో వీధి అన్నాను. ఆ పిల్ల ఏడో వీధా అంటుంది. పదిహేడమ్మా పదిహేడు అని గొంతు చించుకున్నాను. ఏడే కదండీ అంటుంది. బండి ఏడో వీధికి పోయింది. అక్కడ వీధంతా వెతికి, ఎవరూ లేరని వెనక్కి పోయింది. మళ్ళీ చేస్తే మళ్ళీ ఏడు! చివరికి కూరగాయల బండి మీద పడుకోబెట్టి తోసుకుపోయాం. రక్తం పోయిందన్నారు, ఆలస్యమైందన్నారు. కాలు తీసేశారు."

కౌంటరతను అప్పుడు తల ఎత్తాడు.

చిటపటమ్మ మెట్టు మీద నిలబడిపోయింది. పదిహేడులోంచి పది పోతే మిగిలేది ఏడు. అది చెవి పొరపాటు కాదు. ముందు ముక్కలు ఎక్కడో రాలిపోయాయి. అలా రాలిపోయే చోట్లు ఈ నగరంలో రెండే. ఒకటి ఆమె గది, రెండోది అవతలి చివర.

వచ్చిన మెట్లే మళ్ళీ ఎక్కి గదిలోకి పోయింది. తన వైపు అంబులెన్సు దారి తెరిచి చూసింది. వాటా నిండుగానే ఉంది. వెళ్ళాల్సినవన్నీ వెళ్తున్నాయి. అంటే రాలిపోతోంది అక్కడ. పావురాన్ని పిలవబోయి, చెయ్యి ఆగిపోయింది. బల్ల మీది ఫోనే తీసి, ఎన్నాళ్ళుగానో వేళ్ళు మరిచిపోని ఆ నంబరు నొక్కింది.

"హలో," అన్నాడతను.

"నేనే."

"పావురం సెలవా?" అన్నాడు.

"పావురం సంగతి తర్వాత తేలుస్తా. అంబులెన్సు దారి చూడు."

"బాగానే ఉంది. దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి."

"దీపాల రంగు నేనడగలేదు. వాటా ఎంతుందో చూసి చెప్పు."

కీబోర్డు చప్పుడు వినిపించింది. కాసేపటికి అదీ ఆగింది. ఆ నిశ్శబ్దం ఆమెకు కొత్తది కాదు. దాంతో కాపురం చేసింది.

"నోరు తెరువు," అంది.

"సగముంది."

"సగం ఎలా అయింది?"

"నేనే చేశాను. ఆ మధ్య కొత్త షాపింగ్ మాల్ తెరిచారు చూడు, వాళ్ళకి పెద్ద తెరల మీద వీడియో కావాలన్నారు. తీగలో చోటు లేదన్నాను. అంబులెన్సు దారి ఎప్పుడూ సగం ఖాళీయే కదా, ఒక్కరోజుకి తీసుకో అన్నారు పెద్దసారు. తీసుకున్నాను. నువ్వు నీ వైపు ఫోన్లు ఇంకో తీగకి మళ్ళించాలి కదా, నీతో చెప్పమని పావురానికి చెప్పాను."

"ఆ ఒక్కరోజు ఇంకా తెల్లారలేదా?"

"తెర బాగుంది, అలాగే ఉంచెయ్యమన్నారు."

"పావురం నాకు ఒక్క ముక్క చెప్పలేదు."

"చెప్పాడనుకున్నాను. నువ్వేమీ అనకపోయేసరికి ఒప్పుకున్నావనుకున్నాను."

ఆ మాటకి ఆమె గొంతు లేచేసరికి పక్కగదిలో వాళ్ళు కూడా కుర్చీల్లోంచి లేచారు.

"నేనా? ఏమీ అనకుండానా? పదేళ్ళు కాపురం చేశావు నాతో! ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట, నేను ఏమీ అనకుండా ఉన్నానా? అంబులెన్సు దారిలో సగం కోసి సబ్బు ప్రకటనలకి పంచిపెడితే నేను నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటానని ఎలా అనుకున్నావు? ముందు పెంచు. నేను లైన్లో ఉండగానే పెంచు!"

అతను పెంచాడు. మాల్ వాళ్ళ తెర ఆ క్షణాన నల్లబడిపోయి ఉంటుంది. ఆమె తన వైపునించి చూసి, సరిపోయిందని తేల్చుకుంది. అంతటితో వదల్లేదు. పక్కనే ఎవరికీ ఇవ్వని ఖాళీ దారి ఒకటి తీయించి, దానికి ఆ పాత సగం వాటానే ఇప్పించింది. పరీక్ష యంత్రంతో అందులోకి రద్దీ పోసింది, ఊళ్ళో ప్రమాదాలు ఎక్కువైన పూట ఫోన్లన్నీ ఒక్కసారే మోగినంత రద్దీ.

"ఇప్పుడు ఈ దారిలో మాట్లాడతా. నీకేం వినపడుతుందో అదే చెప్పు. పదిహేడో వీధి."

"తెగిపోతోంది. మళ్ళీ చెప్పు."

"పదిహేడో వీధి."

"హేడో... కాదు, ఏడో వీధి."

"పదిహేడో వీధి!"

"ఏడో వీధి," అన్నాడతను. "ఎవరిదీ అడ్రసు?"

చెప్పింది. రంగులు వేసే కుర్రవాడని, నిచ్చెన పడిందని, కూరగాయల బండి మీద తోసుకుపోయారని, కాలు తీసేశారని, అక్క కింద కౌంటరు దగ్గర అద్దం బాదుతోందని మొత్తం చెప్పింది. అటునించి ఏమీ రాలేదు.

"ఫోన్ పెట్టెయ్యకు. ఈసారి నువ్వు మాట్లాడేదాకా నేను పెట్టను."

చాలాసేపటికి, "నేను వస్తున్నాను," అన్నాడు. అని పెట్టేశాడు.

అతను వచ్చేలోపే కబురు పెద్దసారుకి చేరింది. మాల్ వాళ్ళు ఫోన్ చేసి ఉంటారు. ఇద్దర్నీ తన గదిలోకి పిలిపించాడు. పెద్దసారు మాట తేనె. ఎవరినైనా "తల్లీ", "నాయనా" అని పిలిచి, అలా పిలుస్తూనే గొంతు కోయగలడు.

"కూర్చో తల్లీ. జరిగింది జరిగిపోయింది. ఎంత బాధపడ్డా కాలు తిరిగి రాదు కదా. మొన్న పిడుగు పడింది, స్విచ్‌లో కార్డు దెబ్బతింది, వెంటనే బాగు చేశాం, అంతే. ఆవిడకీ అదే చెబుదాం, పైవాళ్ళకీ అదే."

"ఏ పిడుగు సార్? ఆకాశంలో మబ్బు తునక లేదు ఆ వారమంతా."

"ఆకాశం వచ్చి కాదంటుందా తల్లీ?"

"నేనంటాను."

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే. అనుకుందాం. అప్పుడు పైవాళ్ళు ఏం వింటారో తెలుసా? విడిపోయిన మొగుడూ పెళ్ళాలు పంతాలకి పోయి మాట్లాడుకోలేదు, దాంతో పని పాడైంది. మీరిద్దరూ మాట్లాడుకోరని ఈ ఆఫీసులో ఎవరినడిగినా చెబుతారు. నేను మాల్ వాళ్ళకి మాట ఇచ్చాను, పావురం మరిచిపోయాడు, ఇవన్నీ చిన్న సంగతులు. మీ కాపురం సంగతి మాత్రం అందరికీ ఇష్టమైన కథ. నమ్ముతారు."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. అబద్ధమైతే అక్కడికక్కడే చీల్చి చెండాడేది. మండేదేమిటంటే అందులో సగం నిజం. నిజాన్ని సగానికి కోసి అమ్ముకోవడం ఈయనకి అలవాటే, దారుల్ని కోసినట్టే. పక్కకి చూసింది. అవతలి చివర మనిషి బల్ల మీది పెన్నుల డబ్బా వంక చూస్తూ కూర్చున్నాడు. ఓనరు సంగతి దాచినప్పుడు వంటింటి గోడ వంక అలాగే చూసేవాడు.

"నీకు చెప్పాల్సిందేమీ లేదా?" అంది.

అతను పెదవులు తడుపుకున్నాడు. అంతే.

"బెల్లం కొట్టిన రాయి," అని లేచింది. పెద్దసారు "తల్లీ" అంటుండగానే తలుపు తోసుకుని వచ్చేసింది.

కింద హాల్లో దర్జీ ఆవిడ ఇంకా ఉంది. అరిచి అరిచి అలిసిపోయినట్టుంది, ఇనప కుర్చీలో కూర్చుని టేపుని వేలికి చుడుతోంది, విప్పుతోంది. చిటపటమ్మ వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"అమ్మా, నేను ఇక్కడ ఇంజినీర్ని. మీరు పదిహేడు అనే అన్నారు. మీ మాట మా దగ్గర తెగిపోయింది. ఆ ఫోన్ పిల్ల తప్పు లేదు, మీ తప్పు లేదు."

ఆవిడ తల ఎత్తింది. "తెగడమేంటి? తాడా?"

"అంబులెన్సు ఫోన్లకి ఉంచాల్సిన చోటులో సగం తీసి మాల్ వాళ్ళ తెరలకిచ్చారు. మా పెద్దసారు ఇమ్మన్నారు. ఆ చోటు లేక మీ మాట ముక్కలు రాలిపోయాయి. నాకు తెలియదు. తెలుసుకోవాల్సింది నేనే. ఆ చివరా ఈ చివరా సరిగ్గా ఉన్నాయా అని నేను నేరుగా అడిగి ఎంతో కాలమైంది."

"తగ్గించింది ఎవరు?"

"నేను."

వెనకనించి వచ్చింది మాట. అతను ఎప్పుడు దిగాడో, మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. దగ్గరికొచ్చాడు.

"తగ్గించింది నేనండీ. పెద్దసారు చెయ్యమన్నారు, చేశాను. ఈవిడకి ఫోన్ చేసి చెప్పాల్సింది. చెయ్యలేదు."

"ఎందుకు చెయ్యలేదు?" ఆవిడ గొంతు మామూలుగానే ఉంది.

అతను సమాధానం కోసం వెతుక్కున్నాడు. దొరికిందే చెప్పాడు. "తిడుతుందని."

దర్జీ ఆవిడ నెమ్మదిగా లేచింది. లేచి అతని చొక్కా గుండెల దగ్గర పట్టుకుంది. బొత్తాం ఒకటి తెగి నేల మీద దొర్లింది.

"తిడుతుందనా? ఒక ఆడమనిషి నాలుగు మాటలంటుందని, ఆ మాటలు పడలేక, మా వాడి కాలు తీయించావా? నేను రోజూ పడతానయ్యా మాటలు, జాకెట్టు బిగుతైందని, లంగా పొట్టైందని! పడితే చచ్చిపోతామా? ఏం, నీ చెవులు బంగారంతో చేశారా?"

హాల్లో వాళ్ళంతా చుట్టూ మూగారు. సెక్యూరిటీ అతను అడుగు ముందుకేస్తే, చిటపటమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. అతన్ని ఎవరైనా ఇలా పట్టుకుని ఊపేస్తే చూడాలని ఆమె ఎన్నిసార్లు అనుకుందో! ఇప్పుడు చూస్తుంటే కడుపులో చల్లగా ఏమీ లేదు. ఆ తిట్లలో తనకు రావాల్సిన వాటా కూడా అతనే తింటున్నట్టుంది. అది కూడా కోపమే తెప్పించింది ఆమెకు.

"పైకి రాసిస్తారా ఇదంతా?" అంది ఆవిడ చొక్కా వదిలేసి, రొప్పుతూ.

"ఇస్తాను," అన్నాడతను.

"నేనూ ఇస్తాను," అంది చిటపటమ్మ. "ఎవరడిగినా, ఎక్కడడిగినా."

ఆ మాట ఇద్దరూ నిలబెట్టుకున్నారు. విచారణ జరిగింది. పావురం తనకేమీ గుర్తులేదన్నాడు, ఒట్టు కూడా వేశాడు. పెద్దసారు పిడుగు కథ ఒకసారి, మొగుడూ పెళ్ళాల కథ ఒకసారి చెప్పాడు. రెండూ కలవకపోయేసరికి పైవాళ్ళు అతన్ని వేరే ఆఫీసుకి పంపారు. చూడబోతే ఇంతకన్నా పెద్ద గది, పెద్ద కుర్చీ. జారిపడి మేడ మీదికెక్కినవాళ్ళని ఈ ఉద్యోగంలోనే చూడాలి. మాజీ మొగుణ్ణి మాత్రం సస్పెండ్ చేశారు, తర్వాత కేబుళ్ళ గోదాములో పడేశారు. చిటపటమ్మకి రావాల్సిన పదోన్నతి ఆగిపోయింది. ఆఫీసు తప్పు ఒప్పుకోక తప్పలేదు. వైద్యమూ, కొయ్యకాలూ ఆఫీసే పెట్టుకోవాలని తీర్పొచ్చింది.

"ఇన్నాళ్ళకి అల్లుడు నోరు విప్పాడు," అంది చిటపటమ్మ వాళ్ళమ్మ, తీర్పొచ్చిన సాయంత్రం బట్టలు మడతపెడుతూ. "మనిషి మారినట్టే ఉన్నాడే. ఒకసారి ఆలోచించకూడదూ?"

"ఒకడి కాలు పోయాక విప్పిన నోరు ఎవరిక్కావాలమ్మా?"

"నీకు కోపం ఎక్కువే."

"ఎక్కువ కాదు, ఆలస్యం. అదే నా బాధ."

తర్వాత అవతలి చివరకి కొత్త మనిషి వచ్చింది. ఆమె చేరిన పూటే చిటపటమ్మ ఫోన్ చేసింది. "ఏది మార్చినా ముందు నాకు ఫోన్ చెయ్యి. నేను తిడతాను. తిట్టినా చెయ్యి. ఎత్తకపోతే బండెక్కి ఇక్కడికి రా." ఆ అమ్మాయి బెదిరిపోయి, మొదటి వారమంతా దీపం తుడిచినా ఫోన్ చేసింది.

కొయ్యకాలు అమర్చే రోజున చిటపటమ్మ ఆస్పత్రికి వెళ్ళింది. ఎవరూ రమ్మనలేదు. పొడుగాటి గదిలో రెండు ఇనప కడ్డీల మధ్య కుర్రవాడు నడక నేర్చుకుంటున్నాడు. వేళ్ళ సందుల్లో ఇంకా నీలం రంగు మరక ఉంది. గోడ దగ్గర దర్జీ ఆవిడ నిలబడి ఉంది. ఈమెను చూసి జరిగి చోటిచ్చింది గానీ పలకరించలేదు.

కాసేపటికి, కుర్రవాడి మీంచి చూపు తిప్పకుండానే అంది. "నీ మీద కోపం పోయిందనుకోకు."

"అనుకోవడం లేదు," అంది చిటపటమ్మ.

కడ్డీల చివర తిరగబోయి కుర్రవాడు తూలాడు, ఆ కొత్త కాలిని నోటికొచ్చినట్టు తిట్టాడు. నర్సు నవ్వింది. అక్క నవ్వలేదు. టేపు మెడలోంచి తీసి చిటపటమ్మ చేతిలో పెట్టి, వాణ్ణి పట్టుకోవడానికి పరిగెత్తింది.